ఆయన లివర్ బాగుంది, నాదే బాగాలేదు

పరీక్ష నిజానికి మా ఆయనకి. రైస్ మిల్లు పెట్టిన దగ్గర్నుంచి ఆయనకి పెళ్లిళ్లూ విందులూ ఎక్కువయ్యాయి. అక్కడ చేతిలో గ్లాసు లేకపోతే మర్యాదగా ఉండదంటారు. ఆ మర్యాద ఏడాదికేడాది పెరుగుతోందని నా అనుమానం. లివర్ ఎలా ఉందో ఒకసారి చూపించుకోండని నేను పోరగా పోరగా, "నువ్వూ చేయించుకుంటానంటే వస్తాను" అని మెలిక పెట్టారు.

నాకేం భయం? మందు వాసన పడని దాన్ని. శనివారాలు ఒంటిపూట భోజనం. పైగా మండపేటలో హైస్కూలు పిల్లలకి ఏళ్ల తరబడి జీవశాస్త్రం చెబుతూ, బోర్డు మీద కాలేయం బొమ్మ చూడకుండా గీసే మనిషిని. ఇద్దరం పరగడుపున ల్యాబ్‌కి వెళ్లి రక్తమిచ్చి, దారిలో పెసరట్లు తిని ఇంటికొచ్చాం.

సాయంత్రం రిపోర్టులు ఫోన్‌కి వచ్చాయి. ఆయన రిపోర్టులో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నా దాంట్లో రెండు అంకెలు మాత్రం లావుగా, నల్లగా, పక్కన పైకి చూపే బాణంతో కనిపించాయి. ఎస్‌జీపీటీ ఉండాల్సిన దానికి మూడు రెట్లు పైనే ఉంది. ఎస్‌జీఓటీ కూడా దాని వెనకాలే బయల్దేరింది.

మా ఆయన కళ్లజోడు సవరించుకుని రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూశారు.

"ఏంటిది? నాకు తెలీకుండా ఇంట్లో ఏమన్నా పుచ్చుకుంటున్నావా?"

"చాల్లెండి" అన్నాను. ఆ పూట ఆయన నడకే మారిపోయింది. ఫోన్ చేసిన ప్రతివాళ్లకీ తన లివర్ సంగతి తనే ఎత్తి మరీ చెప్పారు.

నేను పొయ్యి మీద వంకాయ కూర పడేసి, ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాను. కూర మగ్గేలోగా నాకు లేని జబ్బు లేదు. మర్నాడు స్టాఫ్ రూములో నోరు జారితే, ఒకావిడ నేల ఉసిరి పసరు తాగమన్నారు, ఇంకొకావిడ పక్క ఊళ్లో పసరు పోసే ఆయన ఇంటికి దారి చెప్పారు. ఇద్దరూ నా కళ్లలోకి మాత్రం అదోలా చూశారు. ఆ చూపు భరించలేకే రాజమండ్రిలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మా ఆయన కూడా వచ్చారు, తన రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుని.

డాక్టరమ్మ నా రిపోర్టు చూసి ఏమీ కంగారు పడలేదు. "ఇవి లివర్ కణాల్లో ఉండే ఎంజైములమ్మా. కణాలకి ఏదైనా ఇబ్బంది కలిగితే రక్తంలోకి కారతాయి. ఎక్కడో చిరాకు ఉందని చెబుతాయి గానీ, ఎందుకో చెప్పవు. మీ బిలిరుబిన్, ఆల్బుమిన్ బాగున్నాయి. అంటే లివర్ తన పని తను చేసుకుంటోంది. కారణం వెతుకుదాం. మందు అలవాటుందా?"

మా ఆయన కిసుక్కున నవ్వారు. డాక్టరమ్మ ఆయన వైపు చూశారు. నవ్వు ఆగింది.

"లేదండి" అన్నాను.

"మాత్రలేమన్నా వాడుతున్నారా?"

"థైరాయిడ్ మాత్ర ఒక్కటేనండి."

"అది మానకండి. కషాయాలు, పొడులు, ఆకు మందులు?"

"అలాంటివేం లేవండి."

"మరి అక్క ఇచ్చిన పొడో?" అన్నారు మా ఆయన.

అక్క అంటే నాకు వదినగారు. ఆత్రేయపురంలో ఉంటారు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఒక చేత్తో పూతరేకుల పెట్టె, ఇంకో చేత్తో ఒళ్లు తగ్గే పొడి డబ్బా తెచ్చేవారు. రెండూ ఒకే సంచీలోంచి రావడంలో ఆవిడకి తప్పేమీ కనిపించలేదు. నాకూ కనిపించలేదు. రెండూ తిన్నాను.

"అది మందు కాదండి, ఉత్త మూలికల పొడి. వేణ్ణీళ్లలో కలుపుకుని తాగుతాను" అన్నాను.

"మందని, మూలికని లివర్‌కి తేడా తెలీదమ్మా. మీరు మింగిందంతా అదే సర్దుకోవాలి. ఆ పొడి ఇవాళే ఆపెయ్యండి. అదే కారణమని ఇప్పుడే అనను. హెపటైటిస్ బి, సి పరీక్షలు, షుగర్, కడుపు స్కానింగ్ చేయిద్దాం. కొన్ని వారాలాగి ఈ పరీక్ష మళ్లీ చేద్దాం. ఈలోగా పసర్ల జోలికి పోకండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, వాంతులైనా ఆగకుండా వచ్చెయ్యండి."

హెపటైటిస్ పరీక్షల్లో ఏమీ లేదు. షుగర్ అంచు మీద ఉంది. స్కానింగ్‌లో లివర్‌కి కాస్త కొవ్వు పట్టిందని తేలింది. అంటే పూతరేకుల వాటా కూడా ఉందన్నమాట.

నాకంటే ముందు నుంచీ ఆ పొడి తాగుతున్నది వదినగారే. ఆ మాట గుర్తొచ్చి ఫోన్ చేశాను.

"వదినగారూ, ఆ పొడి ఆపెయ్యండి. మీరు కూడా ఒకసారి రక్తపరీక్ష చేయించుకుంటే మంచిది."

"అంటే నేను నీకు విషం పెట్టానా అమ్మాయ్?"

"అయ్యో, అలాగంటారేంటండి..."

"మా వీధిలో సగం మంది ఆడవాళ్లు తాగుతున్నారు. అందరూ నిక్షేపంలా ఉన్నారు. మీ డాక్టరమ్మకి మనూరి మందంటే చులకన." ఫోన్ పెట్టేశారు.

మా ఆయన్ని మాట్లాడమంటే, "ఆడవాళ్ల మధ్య నేనెందుకు" అని మిల్లుకి వెళ్లిపోయారు. విందుల్లో ఉన్న మర్యాద అక్క దగ్గర ధైర్యంగా మారలేదు.

ఆవిడ మాటకి నొచ్చుకున్నాను గానీ, మనసులో ఏదో గుచ్చుకుంటూనే ఉంది. ఆదివారం పొద్దున్నే ఆయన్ని బయల్దేరదీసి ఆత్రేయపురం వెళ్లాను. వదినగారు మంచం మీద పడుకుని ఉన్నారు. పగటిపూట ఆవిడ నడుం వాల్చగా నేనెప్పుడూ చూడలేదు. మమ్మల్ని చూసి లేచి కూర్చుని, మోచేతులు గోక్కుంటూ, "ఎండలకి పేలింది" అన్నారు. చేతుల మీద పేలిన జాడే లేదు. టిఫిన్ తినలేదట, రెండు రోజులుగా అన్నం చూస్తేనే వికారంట.

"ఒక్కసారి అరుగు మీదకి రండి" అని చెయ్యి పట్టుకుని వెలుతుర్లోకి తీసుకొచ్చాను. కంట్లో తెల్లగుడ్డు నిమ్మపండు రంగులో ఉంది. నా వెనక నుంచి మా ఆయన కూడా చూశారు.

"అక్కా, కారెక్కు" అన్నారు.

"పొయ్యి మీద పాలున్నాయిరా."

"పాలు పొంగితే పొంగనీ. ఎక్కు."

అక్క మీద ఆయన గొంతు పెంచగా నేను వినడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. ఆవిడ చెప్పులేసుకుని ఎక్కారు. నేను పొయ్యి కట్టేసి, పొడి డబ్బా కూడా సంచీలో వేసుకున్నాను. నేరుగా రాజమండ్రి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం.

ఆవిడ అంకెల ముందు నావి పసిపిల్లలు. బిలిరుబిన్ కూడా బాగా పెరిగింది. డాక్టరమ్మ ఆసుపత్రిలో చేర్చుకుని, రక్తం గడ్డకట్టే తీరు కూడా రోజూ పరీక్ష చేయించారు. "లివర్ ఎంత బలంగా ఉందో అది చెబుతుంది. అది చెడకుండా ఉంటే గట్టెక్కినట్టే" అన్నారు. డబ్బా తిప్పి చూశారు. దాని మీద దేవుడి బొమ్మ ఉంది, లోపల ఏముందో మాత్రం రాసి లేదు.

ఆ రోజుల్లో నేను స్కూలు నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్లేదాన్ని. ఒక సాయంత్రం వదినగారు నా చెయ్యి పట్టుకుని, "నిన్ను ఫోన్‌లో అన్ని మాటలన్నాను" అన్నారు.

"నేను మీ పూతరేకులన్నీ తినేశాను, చెల్లుకి చెల్లు" అన్నాను. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వితే ఇంకా వికారంగానే ఉందన్నారు.

గడ్డకట్టే పరీక్ష చెడలేదు. ముందు ఆకలి వచ్చింది, తర్వాత దురద తగ్గింది, పచ్చదనం మాత్రం తీరిగ్గా పోయింది. నా రెండో పరీక్షలో ఎస్‌జీఓటీ దారికొచ్చింది. ఎస్‌జీపీటీ సగానికి పైగా దిగి, కొవ్వు వల్ల కాస్త పైనే నిలబడింది. అన్నం తగ్గించి, కాలవగట్టున నడక మొదలుపెట్టాను. ఈసారి తోడు రమ్మని నేను మెలిక పెట్టాను. మా ఆయన రిపోర్టు చూసి డాక్టరమ్మ, "ఇవి బాగున్నంత మాత్రాన లైసెన్సు ఇచ్చినట్టు కాదండీ" అని చెప్పి ఉన్నారు కాబట్టి, ఆయన కూడా షూలు కొనుక్కున్నారు.

వదినగారు కోలుకోగానే చేసిన మొదటి పని, ఆ పొడి తాగుతున్న వాళ్ల ఇళ్లకి ఒక్కొక్కరి గడపకీ వెళ్లడం. నమ్మని వాళ్లకి తన కథ చెప్పారు. అప్పటికీ నమ్మని వాళ్లకి కేకలేశారు. తర్వాత ఒక వ్యాను మాట్లాడి అందర్నీ పరగడుపున రావులపాలెం ల్యాబ్‌కి తీసుకెళ్లారు. అంతమంది ఆడవాళ్లు జరీ చీరల్లో దిగేసరికి ల్యాబ్‌లో అతను కంగారుపడి, "పెళ్లివారు పక్క హాలుకండీ" అన్నాడట.

"పెళ్లి కాదు నాయనా, లివర్" అన్నారట వదినగారు, చెయ్యి చాపి ముందు తనే కూర్చుంటూ.