ఎండాకాలమంత వెచ్చని మా అవ్వ

మొన్న నార్కట్‌పల్లి చౌరస్తాలో బస్సు కోసం నిలబడితే, పక్కన చలివేంద్రంలో కొత్త కుండలకు నీళ్లు పోస్తున్నారు. కాలిన మట్టి తడిసిన ఆ వాసనకు నాకు మా అవ్వ గుర్తుకు రావాలి. వచ్చింది కూడా. కానీ ఆమెకన్నా ముందు మా ఇంగ్లీషు సారు గుర్తొచ్చాడు, అదీ నా ఖర్మ.

తెలంగాణ వచ్చిన ఏడాది నేను ఆరో తరగతి. ఊళ్లో తెలుగు బడి మాన్పించి, నాయిన నన్ను నల్లగొండలో ఇంగ్లీషు మీడియంలో వేశాడు. అప్పటిదాకా నా లోకమంతా మా అవ్వ, ఆమె గొర్ల మంద. శివరాత్రి పోగానే అవ్వ కొత్త కుండ తెచ్చి వసారాలో ఇసుక మీద కూర్చోబెట్టేది. ఎండాకాలం పొద్దున్నే జొన్న అంబలి తాగి, ఉల్లిగడ్డ కొరికి, తడిపిన కొంగు నెత్తిన వేసుకుని మంద తోలుకుపోతే, నేను వెనకాల ఉరికేదాన్ని. మధ్యాహ్నం తుమ్మచెట్టు కింద గొర్లు తలలు దూర్చుకుని నిలబడితే మేమిద్దరం గచ్చకాయలు ఆడుతూ, తాటిముంజలు వేలితో పొడుచుకుని తాగేవాళ్లం. బతుకమ్మ పండుగకు ఆమె రొట్టెలు నలిపి, నెయ్యీ బెల్లం పట్టించి కట్టే మలీదముద్దలు చేతికి అంటుకుంటే, చెయ్యి కడగబుద్ధయ్యేది కాదు.

సారు పేరు చెప్పను. చెడ్డవాడేం కాదు, కానీ ఇంగ్లీషు పోలికలంటే ఆయనకు పిచ్చి. యాజ్ వైట్ యాజ్ స్నో, యాజ్ మీక్ యాజ్ ఎ లాంబ్ అని నూరు బట్టీ పట్టించాడు. మంచు సరే, సినిమాల్లో చూశాం. గొర్రెపిల్ల సాధువట! ఒక్కపూట మా మందలో ఒక పిల్లను పట్టుకుని మందు తాగించి చూస్తే తెలిసేది, ఎంత సాధువో. అదే మాట అడిగితే, "పుస్తకంల ఉన్నది రాయి, ఎక్కువ మాట్లాడకు" అన్నాడు.

పేరెంట్స్ మీటింగ్‌తో అసలు తిప్పలు మొదలయ్యాయి. ఇంట్లో ఇష్టమైన మనిషి గురించి సొంత పోలికలతో రాయాలి, బాగా రాసినవాళ్లు స్టేజీ ఎక్కి చదవాలి. నేను చదవాలి, అవ్వ వినాలి, అంతే నా ఆశ. రెండు రోజులు కూర్చుని, మా అవ్వ గుండె కొత్త కుండలో నీళ్లంత చల్లన అని ఇంగ్లీషులో రాశాను. ఇంకేం రాస్తాం మరి? బండలు పగిలే ఎండల్లో బతికేవాళ్లం. దీవిస్తే చల్లగుండు అంటాం, మేలు చేసినవాళ్ల కడుపు చల్లగుండాలంటాం. అవ్వ నెత్తిన చెయ్యి పెట్టి "సల్లగుండు బిడ్డా" అనకుండా నేనెప్పుడూ బడి బస్సెక్కలేదు.

సారు ఆ వాక్యం క్లాసంతటికీ చదివి వినిపించాడు. "కోల్డ్ హార్ట్ అంటే దయలేని మనిషి. మీ అవ్వను తిట్టినవా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆయన నా వాక్యం కొట్టేసి, ఎర్ర పెన్నుతో యాజ్ వార్మ్ యాజ్ ఎ సమ్మర్స్ డే అని రాసిచ్చాడు. ఎండాకాలమంత వెచ్చనట. చలికి వణికే దేశంవాళ్లకు ఎండ దేవుడే, కాదనను. ఏటా ఎండదెబ్బకు గొర్లు పోగొట్టుకునే ఇంట్లో అది పొగడ్త ఎట్లా అవుతుంది? ఇప్పుడైతే ఇంత వాదిస్తున్నాను గానీ, ఆ రోజు నోరు మూసుకుని మార్చి రాశాను. నాకు స్టేజీ కావాలి.

మీటింగ్ రోజు అవ్వ పెట్టెలోని పట్టంచు చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. నేను చదవగానే ఒక్క ముక్క అర్థం కాకున్నా అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది. బస్టాండుకు నడుస్తూ అడిగింది, "నా గురించి ఏం జెప్పినవే?"

"నీ గుండె ఎండకాలమంత ఎచ్చగుంటదని చెప్పిన."

అవ్వ నడక ఆపింది. "నీకు నేనేం తక్కువ జేసిన బిడ్డా? అందరి ముంగట గట్లంటివి."

నేను మొదట ఏం రాశానో చెప్తే సరిపోయేది. సారు మీద చూపలేని కోపం ఆమె మీద చూపించాను. "నీకు తెల్వదవ్వా. ఇంగ్లీషుల మంచోళ్లను గట్లనే అంటరు. సల్లగ అంటే తిట్టు."

"గట్లనా," అని మళ్లీ నడక సాగించింది.

మర్నాడు బస్సు దగ్గర నా నెత్తిన చెయ్యి పెట్టి, "ఎచ్చగుండు బిడ్డా" అంది. వద్దు, పాత మాటే అను అని తర్వాత ఎన్నిసార్లు బతిమాలానో లెక్కలేదు. "సదువుకుంటున్న పిల్లవు, నిన్నెట్ల తిడ్తనే" అనేది.

ఇప్పుడు మంద లేదు, తుమ్మచెట్టు ఉన్నచోట ప్లాట్ల రాళ్లు పాతారు, మా వసారాలో ఫ్రిజ్ గుర్రుమంటోంది. పోయిన ఎండాకాలం దవాఖానలో, తనకు సూది వేసిన నర్సమ్మ చెయ్యి పట్టుకుని అవ్వ "సల్లగుండు బిడ్డా" అంది. తర్వాత నావైపు తిరిగి, గుర్తు తెచ్చుకుని, "నువ్వు ఎచ్చగుండు" అంది. మూడో రోజు పోయింది. ఊరందరికీ దక్కిన ఆ దీవెన నాకొక్కదానికే దక్కలేదు. ఇన్నేళ్లూ సారును తిట్టుకుంటూ వచ్చాను గానీ, ఆమె నోట ఆ మాట మాన్పించింది నేనే.