మూర్తి సార్ మూడు గంటల ముందు

ఎక్కడికి వెళ్లినా మూడు గంటలు ముందుగా వెళ్లడం శ్రీరామచంద్రమూర్తి గారి జబ్బు. ఆయన పెడన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు; పిల్లలకూ ఊరికీ మూర్తి సార్. దాన్ని జబ్బు అని మొదట అన్నది ఆయన భార్య రమాసుందరి. మందు లేదని తేల్చింది కూడా ఆవిడే.

వాళ్ల వీధిలోని సంపూర్ణమ్మ గారి మనవడి పెళ్లి వీడియో చూసినవాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. అందులో మొట్టమొదట కనిపించేది వినాయకుడి బొమ్మ కాదు, షామియానా గుంజ పట్టుకుని నిలబడ్డ మూర్తి సార్. తొమ్మిదింటి పెళ్లికి ఆరింటికే వెళ్లారు. ఖాళీగా ఉన్నారు కదా అని షామియానా వాళ్లు గుంజ పట్టుకోమన్నారు. తర్వాత కుర్చీలు దించమన్నారు. పెళ్లికూతురు మండపంలోకి వచ్చే వేళకి సార్ అలసిపోయి, ఇంటికెళ్లి పడుకున్నారు.

ఇంకోసారి తిరుపతి రైలుకి ఎంత ముందు వెళ్లారంటే, నిన్న రావలసిన రైలు అప్పుడే వస్తోంది. ఎక్కేశారు. వెనకాల తీరిగ్గా స్టేషనుకి వచ్చిన రమాసుందరి తన రైల్లో తాను వెళ్లి, భర్తను కొండ మీద కలుసుకుంది. “దర్శనం క్యూలో కూడా నాకంటే ముందే ఉన్నారు. మా ఇద్దరికీ మధ్య నాలుగు వందల మంది” అని ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

ఈ జబ్బు వల్ల అందరికంటే ఎక్కువ బాధపడింది ఆయన దగ్గర హాకీ నేర్చుకునే ఆడపిల్లలు. వాళ్లలో అందరికంటే ఎక్కువ విసుక్కున్నది మల్లీశ్వరి.

మల్లీశ్వరి తండ్రి అంకమ్మరావుది నేతపని. ఆ పిల్ల పన్నెండో ఏట హాకీ కర్ర పట్టుకుంది. ఆడేది స్కూలు వెనక గరుకు నేల మీద. తెల్లారేసరికి ఆ నేల ఒక పక్కన నేతవాళ్లు పడుగు నూలు బారుగా సాగదీసి గంజి పెట్టేవాళ్లు. బంతి పడుగులో పడిందంటే ఆ రోజుకి ఆట అయిపోయినట్టే. అందువల్ల పెడన జట్టుకి కుడివైపు నుంచి దాడి చేయడం బ్రహ్మాండంగా వచ్చు. ఎడమవైపు అనేది ఒకటుందని పై ఊళ్లకి వెళ్లాకే తెలిసింది.

పై ఊరంటే మొదట కూచిపూడి. అండర్-14 లీగు. మ్యాచ్ తొమ్మిదింటికి. ఆరింటికి దిగారు. మైదానంలో రెండు గేదెలు తప్ప ఎవరూ లేరు.

“సార్, గోల్‌పోస్టులు కూడా రాలేదు సార్.”

“వస్తాయి. వాటికంటే మనం ముందున్నామా లేదా?”

“ఉండి ఏం చెయ్యాలి సార్?”

“నడవండి. నేల ఎక్కడ మెత్తగా ఉందో, ఎక్కడ గట్టిగా ఉందో కాళ్లకి తెలియాలి.”

పిల్లలు ఓ చుట్టు నడిచి, కిట్ బ్యాగుల మీద తలలు పెట్టి నిద్రపోయారు. గోల్‌పోస్టులు ట్రాక్టర్లో వస్తే లేచి దించారు.

అండర్-17 లీగుకి మైలవరం వెళ్లినప్పుడు గేటుకి తాళం తీయలేదు. సార్ గోడ దూకమన్నారు. పదకొండు మంది ఆడపిల్లలు కర్రలతో గోడ దూకుతుంటే వాచ్‌మన్ తన కర్ర కూడా అక్కడే పారేసి పరిగెత్తాడు.

“మనం ఎదురు చూడటానికి పెట్టిన టైము ఆటకి పెట్టుంటే ఈపాటికి దేశానికి ఆడేవాళ్లమే” అంది మల్లీశ్వరి.

“దేశానికి ఆడాలన్నా సారేగా తీసుకెళ్లేది” అంది స్నేహితురాలు శాంభవి. “విమానం కంటే ముందు తీసుకెళ్తారు.”

అట్లా ఆరేళ్లు గడిచాయి. ఇంటర్ అయిపోయింది. హనుమాన్ జంక్షన్ దాటాక హైవే పక్కన ఒక కాలేజీ ఉంది. దాని హాకీ జట్టులో చోటు దొరికితే డిగ్రీ సీటూ హాస్టలూ వాటితోపాటే వస్తాయి. సెలక్షన్లు ఆదివారం ఉదయం తొమ్మిదింటికి. అంకమ్మరావు మగ్గం మీంచి తల ఎత్తకుండానే చెప్పేశాడు.

“జట్టులో పేరుంటే వెళ్లి చదువుకో. లేకపోతే మీ అమ్మ పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టు. మధ్యలో ఏడుపులు మాత్రం వద్దు.”

మూర్తి సార్ కూడా చెప్పేశారు. “మూడున్నరకల్లా సెంటర్లో ఉండాలి. వ్యాను మాట్లాడాను.”

“సెలక్షను తొమ్మిదింటికి కదా సార్!”

“అందుకే.”

మల్లీశ్వరికి ఒళ్లు మండింది. ఇంత ముఖ్యమైన రోజున నిద్ర చెడగొట్టుకుని, కిట్ బ్యాగు మీద తల పెట్టుకుని ఎవరి గేదెల్ని చూడాలి? “నేను మా నాన్న బండి మీద వస్తాను సార్” అంది. సార్ బలవంతపెట్టలేదు. “ఆరింటికల్లా రా అమ్మా” అన్నారు.

అంకమ్మరావు పడుగుకి గంజి పెట్టి, అది ఆరాక చుట్టబెట్టి, బండి తీసేసరికి ఆరున్నర. కాలేజీ గేటు ముందు దిగేసరికి ఎనిమిదిన్నర. అయినా అరగంట ముందే కదా అనుకుంది మల్లీశ్వరి.

లోపల నేలంతా నీలం రంగు ప్లాస్టిక్ గడ్డి. టర్ఫు. ఫోన్లో చూడటమే తప్ప ఎప్పుడూ కాలు పెట్టలేదు. నీళ్లు చల్లి ఉంది. అంచున నిలబడి శాంభవి బంతి అందించింది. మల్లీశ్వరి ఎప్పటిలాగే కర్ర అడ్డం పెట్టింది. బంతి గరుకు నేల మీద ఎగిరినట్టు ఎగరలేదు. కర్ర కింద నుంచి జారి వెళ్లిపోయింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

“ఏంటే ఇది, సబ్బుబిళ్లలా పోతోంది!”

“పొద్దున మాకూ ఇంతేనే. సార్ ఊరికే కూర్చోలేక ఆరింటి నుంచి బంతులు కొట్టించారు. గంటన్నరకి దారికొచ్చింది.”

ఈలోగా శాంభవిని మొదటి గ్రూపులో పిలిచారు. మల్లీశ్వరిది రెండో గ్రూపు. ఒక్కతే గట్టు మీద కూలబడింది. నీళ్ల పైపు లాక్కుంటూ వచ్చిన శౌరమ్మ ఆమెను చూసి ఆగింది. ఆ టర్ఫు బాగోగులు చూసేది ఆవిడే.

“పెడన పిల్లవా? పొద్దున మీ సారుతో రాలేదేం?”

“మా సార్ అన్నిటికీ అంతేనండీ. పిచ్చి.”

“పిచ్చా? ఎనిమిదేళ్ల కిందట మొదటిసారి పిల్లల్ని సరిగ్గా టైముకే తెచ్చాడు. ఒక్క పిల్లా ఈ టర్ఫు మీద బంతి ఆపలేకపోయింది. ఒక్కళ్లనీ తీసుకోలా. అప్పట్నించీ ఏటా తెల్లారగానే వచ్చి గేటు తీయమంటాడు.”

“ఆ మాట మాకు చెప్పొచ్చుగా?”

“నేనూ అదే అడిగా. మీకు టర్ఫు లేదు, వెనకబడి ఉన్నారు అని ముందే చెబితే పిల్లలకి ఇంటి దగ్గరే కాళ్లు వణుకుతాయి శౌరమ్మా అన్నాడు. సారుకి పిచ్చి అనుకుంటే హాయిగా ఆడతారంట.”

“పెళ్లిళ్లకి కూడా ముందే వెళ్తారే!”

“ఒక్కదానికే ముందొస్తే ఎందుకని అడుగుతారు. అన్నిటికీ ముందొస్తే ఎవరూ అడగరంట.” శౌరమ్మ పైపు భుజాన వేసుకుంది. “ఇప్పుడు మానుకుందామన్నా మానలేకపోతున్నాడంట. అది వేరే సంగతి.”

మొదటి గ్రూపు ఆట అయిపోయింది. మల్లీశ్వరి వెళ్లి మూర్తి సార్ ముందు నిలబడింది.

“సార్, బంతి ఆగట్లేదు.”

ఎందుకు ఆలస్యంగా వచ్చావని సార్ అడగలేదు. వాచీ చూసుకున్నారు. “నువ్వెళ్లి ఆ చివర కొట్టుకో. శాంభవిని తీసుకెళ్లు. ఆగుతోందనిపిస్తే కర్ర పైకెత్తు” అన్నారు. తర్వాత అంకమ్మరావు వైపు తిరిగారు. “మీ కండువా ఇలా ఇవ్వండి.”

కాలేజీ కోచ్ రాజ్యశ్రీ మేడం రెండో గ్రూపు పేర్లు పిలవబోతుండగా మూర్తి సార్ మైకు అందుకున్నారు. క్రీడలకి మేడం చేసిన సేవకి గుర్తుగా పెడన నేతకారుల తరఫున చిన్న సన్మానం అన్నారు. అంకమ్మరావు కండువా నాలుగు మడతలు పెట్టి మేడం భుజాల మీద కప్పారు. అది సన్మానం కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. చప్పట్లు కొట్టి, నిలబడ్డారు.

మేడం గురించి చెప్పడానికి ఆయనకేమీ తెలియదు. అందుకని టర్ఫు మీద చల్లిన నీళ్ల గురించి ఎత్తుకున్నారు. “ఈ నీళ్లు ఎక్కడివి? కృష్ణమ్మవి. కృష్ణమ్మ ఎక్కడ పుట్టింది? మహాబలేశ్వరంలో.”

కృష్ణ మహాబలేశ్వరంలో ఉండగా మల్లీశ్వరి కర్ర కింద నుంచి అన్ని బంతులూ పోయాయి. ఆలమట్టి దగ్గర ఒకటి ఆగింది. కర్రను నేలకి ఆనించి పడుకోబెట్టాలని జూరాల దగ్గర తెలిసింది. శ్రీశైలం వచ్చేసరికి మూడింటిలో రెండు ఆగుతున్నాయి. రాజ్యశ్రీ మేడం వాచీ చూసుకున్నారు. “సార్, టైము...” అన్నారు. “వచ్చేశామండీ, సాగర్ దాటేశాం” అన్నారు మూర్తి సార్. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఆయన అటు చూశారు. కర్ర పైకి లేవలేదు. చేసేది లేక నదిని కాలువల్లోకి మళ్లించారు. బందరు కాలువ అయింది. ఏలూరు కాలువ హనుమాన్ జంక్షన్ దాకా వచ్చింది. అప్పుడు, దూరంగా, ఒక కర్ర లేచింది.

“జై కృష్ణమ్మ” అని మైకు ఇచ్చేశారు సార్. ముప్ఫై అయిదు నిమిషాలు పట్టింది. ఆయన జీవితంలో ఒక కార్యక్రమం ఆయన వల్ల ఆలస్యం కావడం అదే మొదలు.

సాయంత్రం గోడ మీద జాబితా అంటించారు. పద్దెనిమిది పేర్లు. శాంభవిది నాలుగోది. మల్లీశ్వరిది పదహారోది. అంకమ్మరావు వేలు పెట్టి రెండుసార్లు చదివాడు.

“మధ్యలో ఏడుపులు వద్దన్నావుగా నాన్నా.”

“కంట్లో గంజి నలకమ్మా” అంటూ అతను కళ్లు తుడుచుకోవడానికి భుజం తడుముకున్నాడు. కండువా లేదు. అది రాజ్యశ్రీ మేడంతోపాటు కారెక్కి వెళ్లిపోయింది.

శౌరమ్మ చెప్పిన మాట మల్లీశ్వరి సార్ దగ్గర ఎత్తలేదు.

జూలైలో హాస్టల్లో చేరమన్నది సోమవారం పదింటికి. మల్లీశ్వరి ఏడింటికే బస్సు దిగింది. ఒక్కసారైనా తను ముందుండాలని. గేటు ఇంకా తీయలేదు. గేటు పక్క సిమెంటు బెంచీ మీద మూర్తి సార్ కూర్చుని ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటున్నారు.

“ఏమ్మా, ఇంత ఆలస్యం?”

“బస్సు దొరకలేదు సార్” అంది మల్లీశ్వరి, ఆయన పక్కన కూర్చుంటూ.