సుక్మా దారిలో నేను తీయని ఫోటోలు

ఆ ఆదివారం నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. కడుపు మెలిపెడుతుంటే ఆ మాట చెప్పడానికి సిగ్గుపడి, ఫోటోలు తీసుకోవాలంటూ జీపు ఆపించాను. కుంట నుంచి సుక్మా వెళ్ళే దారిలో ఆడకూడని అబద్ధం అదేనని నాకు తట్టలేదు.

నాకు రుమటాయిడ్ కీళ్ళవాతం ఉంది. దానికి వారానికి ఒకసారి, శనివారం రాత్రి భోజనం చేశాక, మాత్ర వేసుకుంటాను. అంతకు ముందునుంచే ఐబీఎస్ అనే పేగుల జబ్బూ ఉంది. ఏ కారణమూ లేకుండా మూడు రోజులు బిగబట్టి, నాలుగో రోజు పరుగులు పెట్టిస్తుంది. మాత్ర వేసుకున్న మర్నాడు కడుపు మరీ సున్నితంగా ఉంటుంది. "ప్రయాణం పెట్టుకుంటే ముందు నాకు ఫోన్ చెయ్యండి. మాత్ర ఏ రోజు వేసుకోవాలో కలిసి చూద్దాం. మీ అంతట మీరు మార్చొద్దు, మానొద్దు" అని మా డాక్టరుగారు చెప్పి ఉన్నారు. నేను ఫోన్ చేయలేదు. రెండు వారాలుగా కడుపు నెమ్మదిగా ఉందని ధీమా.

సరిహద్దు అవతలి హిందీ రాష్ట్రంలో, సుక్మాలో ప్రభుత్వ ఉద్యోగం చేస్తున్న నా మిత్రుడు ప్రభాకర్, శబరి నది చూపిస్తాను రమ్మని ఏడాదిగా పిలుస్తున్నాడు. శనివారం రాత్రి మాత్ర వేసుకుని, ఆదివారం తెల్లవారుజామున భద్రాచలంలో బస్సెక్కాను. ఎక్కేముందు పరగడుపున పాల టీ తాగాను. పక్క బండిలో వేడిగా కనిపించాయని మిరపకాయ బజ్జీలు తిన్నాను. సాగే నడుము ఉన్న ప్యాంటు వేసుకోమని మా ఆవిడ చెప్పినా వినకుండా బెల్టూ, బొత్తాలూ ఉన్న ప్యాంటు తొడిగాను. ప్రభాకర్ ముందు మనిషిలా కనిపించాలని. మరి పొద్దున పూట నా వేళ్ళు వంగవు. నీళ్ళ సీసా మూత కూడా పక్కవాళ్ళు తిప్పి ఇవ్వాల్సిందే.

ఎనిమిది దాటాక కుంట ఊళ్ళో బస్సు దిగాను. సుక్మా జీపు నిండుతోంది. డ్రైవర్ ముత్తయ్య నన్ను నడిమి వరుసలో కూర్చోబెట్టాడు. నా పక్కన గొల్లపల్లి నుంచి వచ్చిన కన్నమ్మ అనే రైతు కూలీ. ముందురోజు కుంటకొచ్చి చుట్టాలింట్లో పడుకుందట. ఒళ్ళో స్టీలు క్యారియర్.

"మా పిల్ల సుక్మా హాస్టల్ల ఉంటది సారూ. ఎనిమిది చదువుతాంది" అంది. "ఈ ఆదివారం నువ్వు రాకుంటే గోడ దూకి ఇంటికొచ్చేస్తనని ఫోన్ల ఏడ్చింది. అన్నంత పని చేసే పిల్ల. ఒక్కసారి ఇల్లు జేరిందా, మల్ల బడికి పోదు. పన్నెండు దాక్నే కలవనిస్తరు."

"పన్నెండుకేంది, పదకొండుకే దించుతా" అన్నాడు ముత్తయ్య.

అరగంట గడిచిందో లేదో నా కడుపులో మొదలైంది. చెమట పట్టింది. జీపులో నలుగురు ఆడవాళ్ళున్నారు. "కాస్త ఆపు బాబూ, ఇక్కడ అడవి బాగుంది, ఫోటోలు తీసుకుంటాను" అన్నాను.

ఫోను ఒక చేత్తో, నీళ్ళ సీసా ఒక చేత్తో పొదల్లోకి పోయాను. కడుపు తొందరపెడుతోంది, వేళ్ళు బొత్తాన్ని పట్టుకోవు. రెండు జబ్బులూ కూడబలుక్కుని నన్ను ఆడుకున్నాయి. మోకాళ్ళు మడిచి కూర్చోవడం ఒక యాతన, లేవడం ఇంకో యాతన. చెట్టు కొమ్మ పట్టుకుని లేచి, మళ్ళీ బొత్తాంతో కుస్తీ. తిరిగి వచ్చేసరికి అందరూ నన్నే చూస్తున్నారు.

పది కిలోమీటర్లు పోయాక మళ్ళీ ఆపమన్నాను.

"ఏంది సార్, మల్లా ఫోటోలేనా? గవే చెట్లు గదా!" అన్నాడు ముత్తయ్య.

వెనక సీట్లోని ముసలాయన అందుకున్నాడు. "సారుకు మన టేకు చెట్లతోని పెండ్లి కుదిరినట్టుంది. పోనీ రా."

అందరూ నవ్వారు, కన్నమ్మ తప్ప. ఆమె ఎండ వైపు చూసి పొద్దు లెక్క వేసుకుంటోంది.

నక్సలైట్లు తిరిగే అడవి కాబట్టి దారిలో జవాన్ల తనిఖీ ఉంటుంది. మామూలుగా అయితే ఐదు నిమిషాల పని. ఎందుకింత ఆలస్యమని జవాను అడిగితే, ముసలాయన అమాయకంగా "ఫోటో వాలే సాబ్" అని నన్ను చూపించాడు. జవాను మర్యాదగానే ఫోను అడిగాడు. తీసి చూపించాను. అందులో నా మందుల చీటీ ఫోటో ఉంది, మా మనవరాలి ఫోటోలున్నాయి. చెట్టన్నది ఒక్కటీ లేదు.

రెండుసార్లు అడవిలోకి పోయినవాడి ఫోనులో అడవి లేదు! మరి లోపల ఏం చేశావని అడిగాడు. అప్పుడైనా నిజం చెప్పొచ్చు. కడుపు బాగాలేదంటే ఎవరికి అర్థం కాదు? "బాగా రాలేదని తీసేశాను" అని వచ్చీరాని హిందీలో అన్నాను. దాంతో సంచి దింపారు, మాత్రల అట్టలు ఒక్కొక్కటే తిప్పి చూశారు, పైఅధికారిని పిలిచారు. ప్రభాకర్‌తో ఫోనులో మాట్లాడి, జీపు నెంబరు రాసుకుని మమ్మల్ని వదిలేసరికి గంట పైన పట్టింది. ముత్తయ్య మొహం మాడిపోయింది. రాసుకున్నది తన జీపు నెంబరు కదా.

సుక్మా చేరేసరికి పన్నెండున్నర. కన్నమ్మ దిగి, క్యారియర్ పట్టుకుని పరుగు తీసింది. ప్రభాకర్ స్టాండులో నా కోసం ఎదురుచూస్తున్నాడు. "ఒక్క పని ఉంది" అని అతన్ని అక్కడే ఉంచి ఆమె వెనక నడిచాను. నా కాళ్ళతో పరుగు కుదరదు.

నేను వెళ్ళేసరికి హాస్టల్ గేటు వేసి ఉంది. లోపలి నుంచి వార్డెన్ మేడం హిందీలో చెబుతోంది: టైమ్ అయిపోయింది, వచ్చే ఆదివారం రా. కన్నమ్మ గేటు ఊచలు పట్టుకుని నిలబడింది, అంతే.

"అమ్మా, ఆలస్యం నా వల్లేనని మేడంకి చెప్పు. నాకు హిందీ సరిగా రాదు" అన్నాను.

"ఏమని చెప్పాలె సారూ? చెట్ల ఫోటోలు తీసిండని చెప్పాల్నా?" ఆ గొంతులో కోపం అప్పుడు వినిపించింది.

"నేను ఫోటోలు తీయలేదమ్మా. నాకు కడుపు జబ్బు. కీళ్ళ మందు వేసుకున్న మర్నాడు ఎక్కువవుతుంది. విరేచనానికి పోయాను. ఆడవాళ్ళున్నారని సిగ్గుపడి అబద్ధం చెప్పాను. వేళ్ళు వంగక ప్యాంటు బొత్తాం రాలేదు, అందుకే అంతసేపు పట్టింది."

ఎవరికి తెలియకూడదని పొద్దుటినుంచీ దాచానో ఆ మనిషికే అంతా అప్పజెప్పాను. ఆమె నా వేళ్ళ కణుపుల వైపు చూసింది. తర్వాత మేడం వైపు తిరిగి, ఒక్క ముక్కా వదలకుండా హిందీలోకి దింపింది. బొత్తాం దగ్గరికొచ్చేసరికి చేతులతో అభినయించింది కూడా. మేడం నవ్వు ఆపుకోలేకపోయింది. చివరికి కన్నమ్మకీ నవ్వొచ్చింది.

"ఏంది సారూ నువ్వు! కడుపున్నోల్లకు కడుపు నొయ్యదా? ముందే జెప్తే బస్తీ కాడ ఆపిద్దును, చెంబుల నీల్లు గూడ దొరుకు" అంది.

మేడం ఏదో అంది. కన్నమ్మ నాకు చెప్పింది: "ఇసొంటి కారణం ఇంతవరకు ఎవ్వరు చెప్పలేదంటాంది. ఇది అబద్ధమైతే గాదట." గేటు తెరుచుకుంది. మేడం అరగంట ఇచ్చింది. రెండు జడల పిల్ల వరండాలోంచి పరుగెత్తుకొచ్చి తల్లి నడుము చుట్టేసింది. నేను అక్కడ ఉండలేదు.

సాయంత్రం డాక్టరుగారికి ఫోన్ చేశాను. మాత్ర మానొద్దన్నారు. ఇలాగే కొనసాగితే వచ్చి పరీక్షలు చేయించుకోమన్నారు. ఆ రోజుకి అన్నం, పల్చటి పప్పు కట్టు, అరటిపండు. ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా తాగుతూ శబరి ఒడ్డున ప్రభాకర్ పక్కన కూర్చున్నాను. నది నిదానంగా పారుతోంది. చాలా రోజులకి మనసు తేలికైంది.

సోమవారం పది గంటలకు తిరుగు ప్రయాణం. ప్రభాకర్ దగ్గర అడిగి తీసుకున్న నాడా పైజామా వేసుకున్నాను. ముడి వదులుగా, లాగితే ఊడేట్టు. ముత్తయ్య జీపే ఎక్కాను. కూర్చునే ముందు అందరికీ వినపడేలా చెప్పాను: "బాబూ, నిన్న ఫోటోలు లేవు ఏమీ లేవు, నాకు కడుపు జబ్బు. నీ జీపు నెంబరు నా వల్ల రాసుకున్నారు. తనిఖీ దగ్గర దిగి ఆ మాట నేనే చెబుతాను. ఈ రోజూ ఒకచోట ఆపాల్సి రావచ్చు."

ముత్తయ్య నన్ను ఎగాదిగా చూశాడు. "గీ మాటకా సార్, గంట సేపు నన్ను నిలబెట్టిచ్చినవ్?"

తనిఖీ దగ్గర దిగాను. నిన్నటి జవానే. పొద్దున ప్రభాకర్ నేర్పిన రెండు హిందీ వాక్యాలూ చెప్పి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, ముత్తయ్య తప్పేమీ లేదన్నాను. అతను పుస్తకం తెప్పించి, జీపు నెంబరు పక్కన ఏదో రాసి, ముత్తయ్యకి చూపించాడు. ముత్తయ్య చదివి, ఇక ఇబ్బంది లేదన్నట్టు తల ఊపాడు.

మళ్ళీ బయల్దేరాక వెనక సీట్లో ఒక పెద్దావిడ గొంతు సవరించుకుంది. "నాకు షుగర్ కొడుకా. ముందల గుడిసెలొస్తయి, ఆడ ఆపు. సారు జెప్పిండని నేనూ చెప్తన్న."

"నేనూ దిగుత" అంది ఇంకో ఆమె.

గుడిసెల దగ్గర జీపు ఆగింది. ఆడవాళ్ళు ఒక వైపుకి, మేము ఇంకో వైపుకి నడిచాము. ముత్తయ్య ఇంజను ఆపేసి, నా నీళ్ళ సీసా మూత తిప్పి చేతికిచ్చాడు.