గుమ్మడి తాతయ్యకి నేను నోరు కోసిన ఏడాది

ఇది రాయొచ్చా అని ముందే నా స్నేహితురాలిని అడిగాను. ఒకసారి కాదు, రెండుసార్లు అడిగాను.

అమెరికాలో మా ఫ్రిస్కో ఊళ్లో ఆదివారం తెలుగు క్లాసు పిల్లలకి హాలోవీన్ ముందు వారం బొమ్మలాట వేయడం మా ఇద్దరి పని. మా గరాజ్‌లో రెండు నిచ్చెనల మధ్య దుప్పటి కడతాం. దాని వెనక నుంచి గుమ్మడికాయ తలలు లేస్తాయి. గుజ్జు తోడేసి, కళ్లూ ముక్కూ కోసి, లోపల బ్యాటరీ దీపం పెట్టి, కర్రకి గుచ్చి, పాత చొక్కా తొడుగుతాం. అందులో పెద్దది తాతయ్య. ఆయనకి కింది దవడ విడిగా కోసి తీగతో కట్టాలి. దారం లాగితే నోరు తెరుస్తాడు, పిల్లలు గరాజ్ అదిరిపోయేలా అరుస్తారు. ఆ దవడ కోయడం నా స్నేహితురాలికే వచ్చు. వరంగల్ పిల్ల, నాకంటే ఆరేళ్లు చిన్న. మూడేళ్లుగా కోత ఆమెది, గొంతు నాది. ఈ ఊళ్లో మనసు విప్పి మాట్లాడుకునే మనిషి కూడా నాకు ఆమె ఒక్కతే.

ఆ శనివారం పొద్దున వచ్చింది. కాయల వంక చూసి, కుర్చీ లాక్కుని తలుపు దగ్గర దూరంగా కూర్చుంది.

"ఈసారి నువ్వే కొయ్యక్కా. నాకు చెయ్యి నొస్తుంది."

"ఏ చెయ్యి?"

"కుడి చెయ్యి."

పది నిమిషాలు తిరక్కుండా ఆ కుడి చేత్తోనే ఫోన్‌లో టకటకా మెసేజ్‌లు కొట్టింది. కాఫీ ఇస్తే వద్దంది. రెండు కప్పులు తాగి మూడోదానికి చూసే మనిషి! "మానేసినక్కా" అంది. ఎప్పట్నుంచి అంటే, "మొన్నట్నుంచి" అంది.

అసలే నాది అనుమానపు బుర్ర. లెక్క ఇట్టే తేల్చేసింది. వెనక వీధిలో నర్సుగా పనిచేసే ఒకావిడ ఆ ఏడాదే సొంతంగా బొమ్మలాట మొదలుపెడుతోంది. ఆవిడ ఇంటిముందు ఈమె కారు రెండుసార్లు చూశాను. ఇంకేముంది, అటు వెళ్లిపోతోందన్నమాట! వెళ్లేముందు నా తాతయ్య నోరు మూయించి మరీ వెళుతోంది.

కోపంగా కోస్తే కాయ మాట వింటుందా? దవడ మధ్యకి పగిలి రెండు ముక్కలైంది. రేపొద్దునకి ఇరవైమంది పిల్లలొస్తారు.

"కావాలనే చేస్తున్నావు కదూ!" అని అరిచాను. "ఆవిడ దగ్గరికి పోయేదానివి పో. నా షో పాడు చేయడం దేనికి? నొప్పీ లేదు, గిప్పీ లేదు. పట్టు కత్తి!" అని పిడి ఆమెవైపు తోశాను.

రెండు చేతులూ వీపు వెనక పెట్టేసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కడుపుతోని ఉన్నోళ్లు గుమ్మడికాయ కొయ్యొద్దంటరు గదక్కా. నాకు గవన్నీ నమ్మకం లేదు. కానీ ఈసారి ఏదీ తక్కువ చెయ్యదల్చుకోలే. ఆమె నర్సు గదా, డాక్టర్ రాసిన ఇంజక్షన్ ఇస్తది. గందుకే పోతున్న."

కత్తి బల్ల మీద పెట్టేశాను. "మరి నాకెందుకు చెప్పలేదే?" అన్నాను. ఛీ, అప్పుడు కూడా నా ఏడుపు నాదే.

"పోయినసారి నీకొక్కదానికే చెప్పిన. పొద్దుగూకే వరకు ఆరుగురు ఫోన్ చేసిండ్రు."

అది రెండేళ్ల కిందటి మాట. ఆరో వారంలో వచ్చి నా చెవిలో చెప్పింది. సంతోషం పట్టలేక నేను ఒక్కావిడకే చెప్పాను. ఒక్కావిడకే! తొమ్మిదో వారంలో కడుపు పోయింది. కంగ్రాట్స్ చెప్పినవాళ్లందరికీ ఆమె ఒక్కొక్కరికీ ఆ మాట చెప్పుకోవాల్సి వచ్చింది. నేను రోజూ చారూ అన్నం పట్టుకెళ్లి, ఆమె పక్కన కూర్చుని, ఇంతమందికి ఎవరు చెప్పారో కనుక్కుని తీరతానని ఊగిపోయాను. ఎవరెవరి మీద అనుమానమో పేర్లతో సహా చెప్పాను. అందులో నా పేరు లేదు. ఆమె అంతా విని, చారన్నం తిని, థాంక్స్ అక్కా అంది. అన్నీ తెలిసే అంది. ఆ సంగతి గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

మిగతా కాయలు నేనే కోశాను. తాతయ్య దవడ టూత్‌పిక్కులతో అతికించాను.

ఆదివారం తాతయ్య నోరు సగమే తెరిచాడు. "తాతయ్య మౌత్ బ్రోక్ అయింది!" అని పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆట అయ్యాక ఒక పిల్ల తల్లి నా దగ్గరికొచ్చింది. రెండేళ్ల కిందట నేను చెప్పిన ఆ ఒక్కావిడే.

"ఈసారి కోత తేడాగా ఉందేంటండీ? తను కోయలేదా?"

దుప్పటి మడతపెడుతున్న నా స్నేహితురాలి చేతులు ఆగిపోయాయి. చూస్తున్నది ఆవిడ వంక కాదు, నా వంక.

"చెయ్యి నొప్పండీ" అన్నాను.

"అయ్యో, ఏ చెయ్యి?"

"కుడి చెయ్యి."

ఆవిడ వెళ్లిపోయింది. నా స్నేహితురాలు మాత్రం ఇంకా నా మొహమే చూస్తోంది. నమ్మలేదు. నమ్మమని అడిగే మొహం నాకూ లేదు.

సాయంత్రం మా ఆయన కూడా అదే అడిగాడు. ఆయనకీ కుడి చెయ్యనే చెప్పాను.