ఒత్తుల్లేని మాట

ఆఫీసులో అతన్ని అందరూ మేలుకొలుపు అనేవాళ్లు. అసలు పేరు జీతాల సెక్షన్‌వాళ్లకి తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. ఏ బస్సు ఎంతసేపట్లో వస్తుందో చూపించే పెద్ద బోర్డులుంటాయే బస్టాపుల్లో, వాటిని తయారుచేసే కంపెనీ అది. బస్సుల వేళలు, రంగురంగుల అక్షరాలు, అవన్నీ వేరేవాళ్ల పని. కరెంటు రాగానే బోర్డు కళ్లు తెరిచి, తన కాళ్ల మీద తాను నిలబడేదాకా ఇతని పని. ఆ తర్వాత ఇతని ఊసు ఎవరికీ అక్కర్లేదు.

కరెంటు తగలగానే చిప్పులో ఓ మూల ఉన్న చిట్టి ప్రోగ్రాము ముందు లేస్తుంది. దాన్నే బూట్ లోడర్ అంటారు. అది మెమరీని తట్టి లేపి, బాగుందో లేదో చూసి, సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌ని తెచ్చి అందులో కూర్చోబెట్టి తప్పుకుంటుంది. కెర్నెల్‌కి కూడా లేచిన కొత్తలో ఏమీ తెలీదు. మెమరీ ఎంతుందో తెలీదు, గడియారం ఎక్కడుందో తెలీదు. ఈ మధ్యలో ఎక్కడ ఆగినా స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది. ఎందుకాగిందో చెప్పే నాథుడుండడు. అందుకని మేలుకొలుపు అడుగడుక్కీ ఓ చిన్న మాట స్క్రీన్ మీద పడేలా రాసుకున్నాడు. చివర ఏ మాట కనిపిస్తే పని అక్కడ ఆగిపోయినట్టు.

అయితే ఆ దశలో అక్షరాలు కూర్చే ప్రోగ్రాము ఇంకా లేచి ఉండదు. ఒత్తులు పెట్టాలంటే ప్రాణం మీదికొస్తుంది. అందుకని ఒత్తులు లేని అక్షరాల్నే చుక్కలు చుక్కలుగా గీసి పెట్టుకుని, వాటితోనే మాటలు అల్లేవాడు. 'లేచాను.' 'దారి దొరికింది.' 'ఇక నీదే భారం.' కెర్నెల్‌కి పగ్గాలు అప్పజెప్పేటప్పుడు పడే ఆ చివరి మాటంటే అతనికి మహా ముద్దు.

మెమరీ చిప్పు మాత్రం పాత రకం. చలి వేసినా, కరెంటు నీరసంగా ఉన్నా ఎంత తట్టినా ఉలుకూ పలుకూ ఉండదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంట్లో అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది. ఆఫీసుకి దగ్గరని పెళ్లయినప్పటినుంచీ వాళ్ల కాపురం ఆవిడ ఇంట్లోనే. అన్నాళ్లూ తెల్లారకముందే లేచి, అల్లుడు స్నానం చేసొచ్చేసరికి టిఫిను, డబ్బా, ఉతికిన చేతిరుమాలు సిద్ధంగా పెట్టిన మనిషి. ఇప్పుడు మందుల మత్తులో పొద్దెక్కేదాకా పడుకునేది. డాక్టరు కూడా లేపొద్దనే చెప్పాడు. భార్యది పొద్దున్నే మొదలయ్యే ఉద్యోగం. పొయ్యి దగ్గర అతను ఒక్కడూ తిప్పలు పడేవాడు.

ఓ రోజు పాలు పొంగించి, చెయ్యి కాల్చుకుని, ఆలస్యంగా ఆఫీసుకొచ్చి కూర్చుంటే ఆ చిప్పు కూడా మొరాయించింది. మెమరీ కోసం ఎదురుచూసే చోట చిరాగ్గా ఓ మాట కొట్టి పడేశాడు: 'ముసలిది ఇంకా లేవలేదు.'

సాయంత్రం భార్యకి చెప్పాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఛీ, అమ్మ వింటే ఏమనుకుంటుంది!"

"తీసేస్తాలే. ఊరికే సరదాకి."

తీయలేదు. బోర్డులు బయటికెళ్లే ముందు రిపేర్లు చూసేవాళ్లు వచ్చి, ఆ మాటలు అలాగే ఉంచమన్నారు. ఏ బోర్డు ఎక్కడ ఆగిందో తమకీ తెలుస్తుందట. సరేనన్నాడు. ఓసారి అన్నీ చూసుకుని పంపిద్దామనుకున్నాడు. గడువు నెత్తిమీదికొచ్చింది, మర్చిపోయాడు.

ఏడాది తిరిగాక వానలు పట్టుకున్నాయి. కరెంటు పోవడం, రావడం, బోర్డులు ఆగిపోవడం, మళ్లీ లేవడం. ఓ పొద్దున సగం బస్టాపుల్లో జానెడు జానెడు అక్షరాలతో 'ముసలిది ఇంకా లేవలేదు' అని వెలిగింది. జనం ఫొటోలు తీసి ఒకరికొకరు పంపుకున్నారు. ఆఫీసంతా పడీ పడీ నవ్వింది.

"ఎవడ్రా రాసిన మహానుభావుడు?" అని మేనేజరు అరిస్తే, మేలుకొలుపు లేచి నిలబడి చెయ్యెత్తాడు. చప్పట్లు కొట్టారు. అతనూ నవ్వాడు. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా తర్వాత చాలాకాలం అతనికి చెవులు వేడెక్కిపోయేవి.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తగారు కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో ఫోను. వాళ్ల చెల్లెలు పంపిందట ఆ ఫొటో.

"నాయనా, ఈ బోర్డులు మీ కంపెనీవేగా?"

"అవునత్తయ్యా."

"ఎవర్ని లేవలేదంటోందీ?"

"అదా... లోపల మెమరీ చిప్పని ఒకటుంటుందండీ. పాతది. లేవడానికి టైము పడుతుంది."

అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. కానీ వంటింట్లో గిన్నెలు కడుగుతున్న భార్య కుళాయి కట్టేసింది.

ఆవిడ అటు చూసి, మళ్లీ ఇటు చూసింది. "నా ఆపరేషన్ అప్పుడు రాశావా?"

ఏదో ఒకటి చెప్పి బయటపడాలన్న తొందరలో, "అది కాదండీ, అత్తయ్య అని రాయడానికి అందులో ఒత్తులు ఉండవు, అందుకని..." అన్నాడు. మాట జారిపోయాక గానీ తానేం ఒప్పుకున్నాడో తెలిసిరాలేదు.

ఆవిడ కోప్పడలేదు. కాసేపు ఆలోచించింది, నిజంగానే అక్షరాలు లెక్కపెట్టుకుంటున్నట్టు.

"'ఆవిడ' అనొచ్చుగా," అంది. "దానికి ఒత్తు లేదుగా."

కర్ర ఆనించుకుని తన గదిలోకి వెళ్లిపోయింది. భార్య గుమ్మంలో తడిచేతులతో నిలబడి, "నేనూ నవ్వాను కదా," అంది. ఏడుపు ఆపుకుంటోంది.

మర్నాడు మేనేజరు దగ్గరికెళ్లి ఆ మాట తీసేస్తానన్నాడు. "దేనికి? జనం ముచ్చటపడుతున్నారు," అన్నాడాయన. "మా అత్తగారిని అన్న మాట సార్ అది," అన్నాడు మేలుకొలుపు. మేనేజరు మొహంలో నవ్వు ఆరిపోయింది. అనుమతి కాగితం మీద సంతకం పెట్టాడు.

అయితే బూట్ లోడర్‌ని ఆఫీసులో కూర్చుని మార్చడం కుదరదు. మధ్యలో కరెంటు పోతే బోర్డు శాశ్వతంగా చచ్చిపోతుందని, దూరం నుంచి ఎవరూ ముట్టుకోకుండా తాళం వేయించింది ఇతనే. కాబట్టి ఒక్కో బస్టాపుకీ నిచ్చెన వేసుకుని వెళ్లి, ఎక్కి, వైరు తగిలించి మార్చాల్సిందే. ఎవరినీ పంపనివ్వలేదు. తనే బయల్దేరాడు.

మార్కెట్ దగ్గరి బస్టాపులో బోర్డు ఇంకా ఆ మాట దగ్గరే ఆగి ఉంది. అతను నిచ్చెన మీద ఉండగా బస్సు వచ్చింది. కింద బల్ల మీద ఓ పెద్దావిడ కూరల సంచి పట్టుకుని లేవబోతోంది. మోకాళ్లు సహకరించడం లేదు. పక్కన నిలబడ్డ కుర్రాళ్లు బోర్డు చూపించి ఆ మాట పైకి చదివి ఇకిలించారు. కండక్టరు కూడా నవ్వేశాడు. ఆవిడకి చదువు రాదో, చూపు ఆనదో, ఎందుకు నవ్వుతున్నారో తెలీక తానూ ఓ నవ్వు నవ్వి, తడబడుతూ బస్సెక్కింది. మేలుకొలుపు గబగబా దిగేలోపు బస్సు కదిలిపోయింది. నిచ్చెన మెట్టు మీదే కూలబడ్డాడు. ఇన్నాళ్లూ ఒక్క మనిషినే అన్నాననుకున్నాడు.

బోర్డులన్నీ మార్చాడు. మాటల బదులు ఉత్త అంకెలు పెట్టాడు. 'ఇక నీదే భారం' కూడా తీసేశాడు.

ఇంట్లో మార్చడం మాత్రం చేతకాలేదు. ఆవిడ మాట్లాడటం మానలేదు, కానీ 'నాయనా' పోయి 'అల్లుడుగారూ' వచ్చింది. 'తిన్నావా' పోయి 'తిన్నారా' వచ్చింది. అంతకన్నా ఘోరం, మళ్లీ తెల్లారకముందే లేవడం మొదలుపెట్టింది. చీకట్లో కర్ర చప్పుడు, తర్వాత వంటింటి దీపం. అతను పక్కమీంచి దిగ్గున లేచి పరుగెత్తేవాడు.

"అత్తయ్యా, పడుకోండి. నేను చేస్తాను. తప్పయిపోయింది, నన్ను క్షమించండి."

"ఇందులో క్షమించడానికేముంది? నిద్ర పట్టలేదండీ," అని కూరగాయల కత్తి వెతుక్కునేది.

చలికాలం వచ్చేసరికి మోకాలు మళ్లీ వాచింది. భార్యకి సెలవు దొరకలేదు. ఆస్పత్రికి అతనే తీసుకెళ్లాడు. డాక్టరు మోకాలు నొక్కి చూసి విసుక్కున్నాడు.

"పొద్దున్నే నిలబడి పని చేయొద్దని చెప్పానా లేదా? ఎవరు చేయమన్నారమ్మా మిమ్మల్ని?"

"అలవాటైన ప్రాణం బాబూ," అంది ఆవిడ.

"నేనేనండీ," అన్నాడు మేలుకొలుపు. "నేనో మాటన్నాను. దానికోసం లేస్తున్నారు."

డాక్టరుకి అర్థం కాలేదు. వెనకాల చాలామంది ఉన్నారు. మందులు రాసి కాగితం చేతిలో పెట్టాడు. ఆవిడ మాత్రం అల్లుడి వైపు తిరిగి, అతని మొహం కాసేపు చూసింది. బయటి మెట్ల దగ్గర ఆగి, చంకలో ఉన్న సంచి తీసి అతని చేతికిచ్చింది.

"పట్టుకో," అంది. "దిగడానికి చెయ్యి ఖాళీ ఉండాలి."