నైరుతి మూల టెంకాయ పాది

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. (ఇప్పుడు లేదని కాదు, కళ్ళజోడు వచ్చాక కాస్త వెనక్కి జరిగింది.) ఆ వయసులో లోకమంతా తప్పుగా కట్టిన ఇంటిలాగే కనిపించేది. దాన్ని పడగొట్టి మళ్ళీ కట్టే హక్కు సివిల్ ఇంజినీరింగు పట్టాతో పాటే నా చేతికిచ్చారని నమ్మకం. తిరుపతిలో పచ్చ ఇళ్ళకు సలహాలిచ్చే ఒక చిన్న ఆఫీసులో చేరాను. పచ్చ ఇల్లంటే పచ్చరంగు పూసిన ఇల్లు కాదు (మా మేనత్త రంగు డబ్బాలు కూడా కొనిపెట్టింది పాపం). కరెంటు తక్కువ ఖర్చు కావాలి, గోడలు ఎండను ఆపాలి, పడిన వాన ఆ స్థలంలోనే భూమిలోకి ఇంకాలి. హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి ఇవన్నీ ఉన్నాయని ఒప్పుకుంటే సర్టిఫికెట్టూ, గోడకు బిగించుకునే ఇత్తడి రేకూ ఇస్తారు. మా ఆఫీసు పెద్దాయన్ని చాటుగా పచ్చసారు అనేవాళ్ళం. ఆయన నాకు ఒకటే చెప్పాడు. "ఏర్పేడు కాడ మీ నాయన ఇల్లు కట్టిస్తా ఉండాడంట గదమ్మా. దానికి సర్టిఫికెట్టు తెప్పించు, నీ ఉద్యోగం ఖాయం చేస్తా. కాలేదంటే ఇంకో తావు సూసుకో."

మా నాయన తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు నడిపి రిటైరైన మనిషి. కిటికీలు ఎటు పెట్టమంటే అటు పెట్టించాడు, మిద్దె మీద తెల్ల పెంకులు పరచమంటే పరిపించాడు. వాన నీటి గుంత దగ్గరికొచ్చేసరికి మాత్రం మొండికేశాడు. మా స్థలం నైరుతి మూలకు వాలుగా ఉంది. నీళ్ళు అటే పోతాయి కాబట్టి గుంత అక్కడే తవ్వాలన్నాను. వాస్తు సిద్ధాంతి వచ్చి, నైరుతిలో గుంత తవ్వితే ఇంటి యజమానికి ప్రాణగండం, గుంత ఈశాన్యంలోనే ఉండాలన్నాడు. ఈశాన్యం మా స్థలంలో అన్నిటికన్నా ఎత్తు. నాకు ఒళ్ళు మండిపోయింది. "జీవితమంతా ఘాట్ రోడ్డు దిగినావే నాయనా, నీళ్ళు ఎగువకి పోవని నీకు తెలీదా?" అన్నాను. నాయన తల వంచుకుని మీసం దువ్వుకుంటూ, "సిద్ధాంతి చెప్పినాడు గదా పాపా, యాడనో ఒక తావ గుంత ఉంటే సాల్లే" అన్నాడు. అమ్మయితే వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. "నీ సర్టిఫికెట్టు కోసరం మీ నాయన ప్రాణం మీదికి తెస్తావా మే?" అంది. నేను ప్లాను చుట్టి పక్కన పెట్టాను. గుంత ఈశాన్యంలోనే తవ్వారు.

తనిఖీకి హైదరాబాదు ఆయన నడి వేసవిలో వచ్చాడు. దారి పొడుగునా దుమ్ము తప్ప ఏమీ లేదు. గుంత ఎండి ఉంటుంది, వానాకాలంలో నిండుతుందని చెప్పి గట్టెక్కుదామని నా ఆశ. వెళ్ళి చూస్తే గుంత అంచుల దాకా నీళ్ళు. చుట్టూ ముగ్గు, గట్టున పసుపు కుంకుమ. కూతురి ఉద్యోగం నిలబెట్టాలని నాయన తెల్లవారుజాము నుంచి బోరు మోటారు వేసి నింపాడట. నీళ్ళు పొదుపు చేసే ఇల్లని నిరూపించడానికి బోరునీళ్ళు ధారపోశాడు మహానుభావుడు. తనిఖీ ఆయన ఆకాశం వంక చూసి, "ఇక్కడ వాన ఎప్పుడు పడిందండీ?" అని అడిగాడు. నాయన కన్నార్పకుండా, "నిన్న సార్. మా ఇంటి మీద మటుకే పడింది" అన్నాడు. ఆయన నవ్వు ఆపుకుని, "నీళ్ళు వచ్చే చోట గుంత ఉండాలమ్మా. వానలయ్యాక మళ్ళీ వస్తాను, అప్పుడు చూద్దాం" అని నాతో చెప్పి వెళ్ళిపోయాడు. ఆ రోజు నాయన మీద నోటికొచ్చినట్టు అరిచాను. ఆయన మోటారు స్విచ్చి దగ్గర నిలబడి విన్నాడు.

కార్తీకంలో వానలు పట్టుకున్నాయి. నైరుతి మూల చెరువైంది, ఈశాన్యం గుంతలో మేనత్తగారి కోళ్ళు అడుగుమట్టి కెలుక్కుంటున్నాయి. ఇక వేరే ఉద్యోగం వెతుక్కోవాల్సిందేనని ఏడుపూ కోపమూ కలిపి ఇంటికొస్తే, నాయన లుంగీ ఎగగట్టి వానలో తడుస్తూ నైరుతి మూలలో పారతో తవ్వుతున్నాడు. నడుం లోతు గుంత, అడుగున కంకర, గట్టున ఒక టెంకాయ మొక్క. "నైరుతి గదా నాయనా?" అన్నాను. "ఇది గుంత గాదు పాపా, టెంకాయ సెట్టుకి పాది" అన్నాడు. తనిఖీ ఆయన మళ్ళీ వచ్చినప్పుడూ అదే మాట. వాన నీటి గుంత ఇదేనా అని ఆయన అడుగుతాడు, ఇది పాది సార్ అని మా నాయన. చేతికందిన కూడు నోటిదాకా రాకుండా చేస్తున్నాడని నేను పళ్ళు కొరుక్కుంటున్నాను. చివరికి ఆయనే, "పేరేదైతేనేం, నీళ్ళు ఇంకుతున్నాయా?" అన్నాడు. "ఎంతొచ్చినా తాగేస్తాది సార్" అన్నాడు నాయన. సర్టిఫికెట్టు వచ్చింది, నా ఉద్యోగం ఖాయమైంది. ఇత్తడి రేకును నాయన దేవుడి పటాల పక్కన బిగించి బొట్టు పెట్టాడు.

సిద్ధాంతీ నాయనా కలిసి ఈ పాది ఉపాయం పన్నారని, ముందే చెప్పి ఉంటే నాకింత తిప్పలు తప్పేదని చాలా ఏళ్ళు ఇద్దరి మీదా కోపంగానే ఉన్నాను. మొన్నామధ్య ఆ మాటే అంటే, బియ్యం ఏరుతున్న అమ్మ తలెత్తకుండా చెప్పింది. "ఆ సిద్ధాంతి పాది గూడా కూడదన్నాడు మే. 'ఏదన్నా అయితే నాకే గదా అయ్యేది, పిల్ల ఉద్యోగం పోకూడదు' అని మీ నాయన పార ఎత్తుకోని వచ్చేసినాడు. నేను బయపడతానని టెంకాయ మొక్క గూడా తెచ్చినాడు."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేక పెరట్లోకి వెళ్ళాను. లోకాన్ని పడగొట్టి కడదామనుకున్న ఆ పిల్ల ఇప్పుడు ఊళ్ళో వాళ్ళ ప్లాన్లలో నైరుతి మూలన తన చేత్తోనే టెంకాయ పాది అని రాస్తోంది. ఎవరూ కాదనరు. నాయన, ఇన్నేళ్ళకూ ఏ గండమూ తగలని గట్టి మనిషి, ఆ చెట్టు కిందే కూర్చుని లేత కాయ ఒకటి చెక్కి నా చేతికిచ్చాడు. "తాగు పాపా. నీ వాన గుంతయితే కాయలు కాస్తాదా?" అన్నాడు. కాయదు నాయనా అన్నాను.