పెద్దమనిషి చదవకూడని పుస్తకం

ఈమధ్య బందరులో ఎవరింట్లోనో నువ్వులూ బెల్లమూ కలిపి దంచుతుంటే, ఆ చిమ్మిలి వాసనకు వీధిలోనే ఆగిపోయాను. నోరూరలేదు, కడుపు మండింది.

మా నాన్న హేతువాది. తొంభైల్లో నేను పెద్దమనిషినైనప్పుడు మూల కూర్చోబెట్టలేదు, పేరంటం పిలవలేదు. "శరీరధర్మానికి పండగేంటి?" అన్నారు. ఆ మాట ఇవాళ్టికీ నాది కూడా. కానీ ఆ వారమే నా పిల్లల నవలలన్నీ కట్టగట్టి ఎవరికో ఇచ్చేశారు, పెద్దమనిషికి అబద్ధపు కథలెందుకని.

ఆ వేసవిలోనే గుడివాడలో మావయ్య కూతురు సుగుణ పెద్దమనిషైంది. నాన్నతో వెళ్లి చూస్తే, నీళ్లు చల్లిన వట్టివేళ్ల తడకల వెనక, చల్లని గదిలో, కొత్త తాటాకు చాప మీద, ఎవరూ ముట్టకూడని మహారాణిలా కూర్చుని, నూనె ఓడే చిమ్మిలి ఉండ చప్పరిస్తూ, అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చిన పిల్లల నవల చదువుతోంది. మూఢాచారం దానికి తీరిక ఇచ్చింది, హేతువాదం నాకు లెక్కల పుస్తకం ఇచ్చింది. అసూయతో ఒళ్లు వేడెక్కింది.

దివిసీమ పాయల్లో దారి తప్పిన ఓ పిల్ల, చిల్లుపడ్డ పడవ. అదీ కథ. సుగుణ పైకి చదువుతుంటే, మడి తప్పని మా అమ్మమ్మ గుమ్మం అవతల కూర్చుని వింటోంది. గొంతు ఆరి సుగుణ ఆగేసరికి, ఆవిడ గబుక్కున లోపలికెళ్లి దాని చేతిలోంచే పుస్తకం లాక్కుంది.

నాన్న నవ్వారు. "మైల అంటుకుందేమో అత్తయ్యగారూ?"

"తర్వాత తలస్నానం చేస్తాలెండి అల్లుడుగారూ. పడవ మునిగిపోతోంది, కాసేపాగండి."

"ఈ వయసులో పిల్లల పుస్తకమా?"

"మునిగేది పిల్లేగా మరి!"

నాన్న ఏళ్లతరబడి వేదికలెక్కి కూల్చలేని మడిని ఓ పిల్లల నవల కూల్చేసింది. ఆయన అది గమనించనే లేదు. నేను పుస్తకం కోసం చెయ్యి చాచాను.

"నీకెందుకే? పెద్దమనిషివయ్యావు. పద, బస్సుకి టైమైంది," అన్నారు.

"నేను దానికన్నా పెద్దమనిషినేనండీ," అంది అమ్మమ్మ, పేజీలోంచి తలెత్తకుండా. పుస్తకం మాత్రం ఇవ్వలేదు.

ఇప్పుడు ఆ షాపు లేదు. ఆ చాప లేదు, ఉండకూడదు కూడా. అమ్మమ్మా లేదు. నలభై దాటిన నేను పదమూడేళ్లవాళ్ల నవలల్ని బస్సులో అట్ట అందరికీ కనిపించేలా పట్టుకుని చదువుతాను. పుస్తకానికి వయసు కట్టడమూ మడి కట్టడమే.

మొన్న ఫోన్లో సుగుణని అడిగాను, ఆ పిల్ల ఒడ్డెక్కిందా అని.

"ఏ పిల్ల వదినా?" అంది.

చివరిదాకా చదివింది కనక హాయిగా మరిచిపోయింది, దొంగమొహంది!